నోట్స్ చెప్పని మాస్టారు

నరసింగరావు మాస్టారి గురించి విజయనగరంలో ఇప్పుడు ఒక్కటే మాట. "కుర్రాళ్ళని రెచ్చగొట్టాడు." టీ దుకాణంలో అదే, కోర్టు వరండాలో అదే, ఆయన ముఖం ఎన్నడూ చూడనివాళ్ళ నోట కూడా అదే. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. దాని కింద ఎవరెవరు సంతకాలు పెట్టారో కూడా తెలుసు. వాళ్ళంతా నాతో చదువుకున్నవాళ్ళే. ఇప్పుడు బి.ఎ. పాసై, చొక్కాలకి గంజి పెట్టించుకుని, ఉద్యోగాలకి అర్జీలు పెట్టుకుంటున్నారు. పెట్టుకోనివ్వండి. ఆ మనిషి ఎవరో నేను రాస్తాను.

ఆయనది కళింగపట్నం పక్క పల్లె. గాలి తిరిగితే ఎండుచేపల వాసన ఇంట్లోకి వచ్చేంత దగ్గర. వీళ్ళు మాత్రం వరి, చోడి పండించుకునే కుటుంబం. తండ్రి పోయాక అన్నగారు నాగలి పట్టి, తమ్ముణ్ణి వాల్తేరు పంపి చరిత్రలో ఎం.ఏ. చదివించాడు. చదువు అయ్యాక విజయనగరంలో మా కాలేజీలో లెక్చరరుగా చేరాడు. కాలేజీ పేరు రాయను. ధాన్యం, గోగునార వర్తకులు కమిటీ కట్టి పెట్టిన కాలేజీ అంటే చాలు. చేరాడంటే పూర్తిగా చేరాడని కాదు. మార్చి ఆఖరున ఇక చాలు పొమ్మని కాగితం ఇచ్చేవారు. జూలైలో మళ్ళీ రమ్మనేవారు. వేసవి సెలవుల్లో జీతం లేకుండా ఆయనా, భార్య తాయారమ్మా కళింగపట్నం వెళ్ళి అన్నగారింట్లో పడి ఉండేవారు. ఏటేటా ఇదే వరస. పెద్ద చదువు చదివిన మనిషిని కోతల కాలం కూలీలాగ వాడుకున్నారు.

పొట్టి మనిషి. నల్లగా, గట్టిగా ఉండేవాడు. తల వెంట్రుకలు నూనె రాసినా పడుకునేవి కావు. ఆయన సైకిలుకి బెల్లు లేదు. అడ్డం వచ్చినవాణ్ణి నోటితోనే తిట్టి తప్పించేవాడు. కంటోన్మెంటు అవతల ఇంటినుంచి కాలేజీ దాకా ఆ తిట్లే ఆయన వస్తున్నాడని మాకు తెలియజేసేవి. కోపిష్టి. ఆ సంగతి దాచిపెట్టి ఆయన్ని శాంతమూర్తిగా రాస్తే ఆయనే నన్ను తంతాడు.

ఆయన కోపం అంతా నోట్స్ మీద.

మా కాలేజీలో చదువంటే నోట్స్. లెక్చరరు వస్తాడు, కాగితాలు తీస్తాడు, చదువుతాడు. మేము రాస్తాం. గంట కొడితే ఆయన ఆగిన మాట దగ్గర మేమూ ఆగుతాం. నోట్స్ ఇంగ్లీషులో ఉంటాయి. మేము పుట్టి పెరిగింది "ఏటి, సెప్పు, సూడు" అనే మాటల్లో. అర్థం కావాలని ఎవడూ అడగడు, పరీక్షలో అదే దింపితే చాలు. పెద్ద హిస్టరీ లెక్చరరు గణపతిరావు గారని ఉండేవారు. ఆయన నోట్స్ అంచులు చిరిగిపోతే మధ్యలో దారంతో కుట్టించుకున్నారు. అందులో ఒక చోట ఒక హాస్యం ఉంది. అది రాబోతోందని పై క్లాసు వాళ్ళు ముందే చెప్పి ఉంచేవారు కాబట్టి ఆయన చెప్పకముందే మేము నవ్వేవాళ్ళం. ఆయన కామాలు, ఫుల్‌స్టాపులు కూడా పైకి చదివేవారు. అశోకుడు కళింగ యుద్ధంలో లక్షమందిని చంపించాడు కామా తరువాత పశ్చాత్తాపపడ్డాడు ఫుల్‌స్టాప్ కొత్త పేరా. లక్షమంది చావుకి ఒక కామా. మా వేలు నొప్పి పుట్టిందే తప్ప ఇంకెక్కడా నొప్పి పుట్టలేదు.

మేము బి.ఎ. ఆఖరు సంవత్సరంలోకి వచ్చాక మాకు నరసింగరావు మాస్టారిని వేశారు. అరవై ఏడు జూలై. ఆయన క్లాసులోకి వచ్చాడు. చేతిలో ఏమీ లేదు. బల్ల అంచున కూర్చున్నాడు. మేము పుస్తకాలు తెరిచి పెన్నులు పట్టుకున్నాం.

"పెన్నులు మూసీండి. సిరా దండగ," అన్నాడు. "అశోకుడు కళింగం మీదకి ఎందుకొచ్చాడు?"

అడిగి ఊరుకున్నాడు. మేమూ ఊరుకున్నాం. చెప్పబోయేది ఆయనే కదా అని చూస్తున్నాం. ఆయన చెప్పలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ, కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. గంట కొట్టింది. వెళ్ళిపోయాడు. మర్నాడూ అంతే. అదే ప్రశ్న, అదే బల్ల, అదే మౌనం. వెనక బెంచీలో ఒకడు గురక పెట్టాడు. ఆయన లేపలేదు. ముందు బెంచీలో అప్పలస్వామి అని మా యూనియన్ ప్రెసిడెంటు ఉండేవాడు, బియ్యం మిల్లు వాళ్ళ అబ్బాయి. వాడు నా చెవిలో "పిచ్చేటిరా ఈయనకి?" అన్నాడు.

ఆ వారం అలాగే గడిచాక సింహాచలం లేచాడు. గజపతినగరం దగ్గర పల్లె వాడిది. తండ్రి ఎర్రన్న అక్కడ రైతు. వాడి ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కినవాడు వాడే మొదలు. అప్పటిదాకా వాడి గొంతు ఎలా ఉంటుందో మాలో ఎవరికీ తెలీదు. హాజరుకి కూడా చెయ్యెత్తేవాడు తప్ప పలికేవాడు కాదు.

"ఏటి సార్ ఇది?" అన్నాడు. "మా అయ్య ఎండలో సస్తన్నాడు నన్ను సదివించడానికి. మీరేమో రోజూ వచ్చి బల్లెక్కి కూకుంటన్నారు. సెప్పడం రాకపోతే రాదని సెప్పీండి. మాం ఎల్లి గణపతిరావు గారి కాడ కూకుంటాం."

క్లాసంతా ఆ "కూకుంటాం"కి ఘొల్లుమంది. మాస్టారు బల్ల దిగాడు. సింహాచలం పని అయిపోయిందనుకున్నాం. ఆయన మా మీదికి వచ్చాడు.

"ఎవడ్రా నవ్వింది? ఇన్నాళ్ళబట్టి నాను అడుగుతుంటే ఒక్కడి నోరూ లెగలేదు. నవ్వడానికి లెగిసిందేటి? మీ అమ్మ కూకో అన్నదా, ఆసీనుడవు కమ్మన్నదా?"

ఎం.ఏ. చదివిన లెక్చరరు నోట "నాను" వినడం అదే మొదలు. నవ్వు ఆగిపోయింది. ఆయన సింహాచలం వైపు తిరిగాడు.

"నీకు కోపం వచ్చింది. ఎందుకొచ్చింది?"

"మీరు సెప్పనందుకు."

"ఒట్టిదే. సరిగ్గా సూసుకో."

సింహాచలం ఆలోచించాడు. "మా కాడ తీసుకుని... మాకేటీ ఇవ్వనందుకు."

"ఊఁ. తర్వాత? అశోకుడు వచ్చిన నాడు ఇక్కడ దున్నుకుంటున్నవాడికి ఏమై ఉంటుంది?"

"ఇదే కోపం వచ్చుంటాది."

"అయితే వాడి వైపు నిలబడి చెప్పు. అంత దూరంనుంచి ఆ రాజు ఎందుకొచ్చాడు? ఏం తీసుకుపోదామని?"

"పంటకి సార్." "కాదు, ఏనుగులకి." "రేవులకిరా! కళింగపట్నం లాటి రేవులుంటే దేశాలన్నిటితోటీ బేరం సెయ్యొచ్చు." ఎవడు ఏ మూలనుంచి అంటున్నాడో తెలియలేదు. గురక పెట్టినవాడు కూడా లేచి పక్కవాణ్ణి నోర్మూసుకోమంటున్నాడు. గంట కొట్టారు. తరువాతి క్లాసుకి వచ్చిన గణపతిరావు గారు గుమ్మంలో నిలబడి రెండుసార్లు దగ్గారు.

ఆ రోజునుంచి మాకు చదువంటే తగువు. మాకు కోపం తెప్పించడమే ఆయన పని. కావాలని అడ్డం మాట్లాడేవాడు. "కళింగులు చేతకానివాళ్ళు, ఓడారు, అంతకంటే చెప్పుకోవడానికేముంది?" అనేసి కూర్చునేవాడు. మాకు ఒళ్ళు మండేది. ఆయన మాట తప్పని చూపించడానికి లైబ్రరీకి పరుగెత్తేవాళ్ళం. మొదటిసారి వెళ్ళినప్పుడు బీరువా తాళం దొరకలేదు. అటెండరు ఇంటికెళ్ళి వాళ్ళావిణ్ణి అడిగి వెతికించి తెచ్చాడు. ఆ బీరువా తెరవమని అంతకు ముందు ఎవరూ అడగలేదట. పుస్తకంలోంచి ఏదో పట్టుకొచ్చి ఆయన ముందు పడేస్తే "బాగుంది" అనేవాడు కాదు. మూడేళ్ళ ఉద్యోగంలో ఎవణ్ణీ మెచ్చుకోలేదు. బాగా నచ్చితే "ఊఁ. తర్వాత?" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం మేము కొట్టుకునేవాళ్ళం. ఒక ఆదివారం సైకిళ్ళ మీద రామతీర్థం తీసుకెళ్ళి, కొండ మీద పాత బౌద్ధుల ఇటకల మధ్య మమ్మల్ని కూర్చోబెట్టి, "ఇంత కట్టుకున్నవాళ్ళు ఎందుకు పోయారు?" అని అడిగి, తాయారమ్మ కట్టిచ్చిన పులిహోర విప్పి తినసాగాడు. మాకు పెట్టలేదు. చెప్పినవాడికే ముద్ద అన్నాడు. ఆకలి మీద ఎన్ని కారణాలు చెప్పామో!

ఒక రోజు జౌగడ రాతి సంగతి చెప్పాడు. గంజాం జిల్లాలో, మన పక్కనే, అశోకుడు శాసనాలు చెక్కించిన కొండరాయి అది. కళింగ యుద్ధం చేసి ఏడ్చానని ఆ రాజు చెప్పుకున్న శాసనం ఉంది కదా, అది ఎక్కడో గుజరాతులో గిర్నారు కొండ మీద ఉంది, పెషావరు దగ్గర ఉంది. జౌగడలో లేదు. కళింగంలో ఉన్న రాళ్ళ మీద అది చెక్కించలేదు.

"ఎందుకు?" అన్నాడు.

సింహాచలం ఈసారి లేవడానికి ఆలోచించలేదు. "ఏడుపు అందరికీ సెప్పుకున్నాడు సార్, దెబ్బ తిన్నోడికి తప్ప. దెబ్బ తిన్నోడికి సెప్తే ఆడు ఎదురడుగుతాడు కదా, 'అయితే నా కొడుకుని తెచ్చీ' అని."

మాస్టారు కాళ్ళు ఊపడం ఆపాడు. "ఊఁ," అన్నాడు. "తర్వాత?"

ఇదీ ఆయన చేసిన నేరం.

గొడవ ఇళ్ళలో మొదలైంది. "నోట్స్ ఇస్తన్నాడేటి?" అని తండ్రులు అడిగారు. లేదన్నాం. "మరేటి సెప్తన్నాడు?" అడుగుతున్నాడన్నాం. "అడగడానికి ఆడెందుకు, మేం అడగమా?" అని తిట్టి కొందరు ప్రిన్సిపాలు జగన్నాధం గారి దగ్గరికి వచ్చారు. పైగా మావాళ్ళు గణపతిరావు గారి క్లాసులో కూడా లేచి ఎందుకండీ అనడం మొదలుపెట్టారు. దాంతో ఆయనకి నోట్స్‌లో ఎక్కడున్నారో తప్పిపోతోంది.

జనవరిలో ప్రిన్సిపాలు మాస్టారిని పిలిచారు. ఆ గది కిటికీ వరండాలోకి ఉంటుంది. ఫైను కట్టే వరసలో నేను దాని కిందే నిలబడ్డాను.

"నరసింగరావు గారూ, గణపతిరావు గారి ఇంత సర్వీసులో ఒక్క కుర్రాడు లేచి ప్రశ్న అడగలేదటండీ. మీరొచ్చాక అడుగుతున్నారట."

"మంచిదే కదండీ."

"మీకు మంచిది. నాకు తలనొప్పి. నోట్స్ చెప్పి పారేస్తే మీ సొమ్మేం పోయింది?"

"ఒకరు రాసిన చద్ది ముక్కలు దింపించడానికి లెక్చరరు ఎందుకండీ? గుమాస్తా చాలు."

కుర్చీ కిర్రుమంది. ప్రిన్సిపాలు గారు నెమ్మది మనిషి. నెమ్మదిగానే అన్నారు. "చూడండి, ఈ ఏడు మీ పోస్టు పర్మనెంటు చెయ్యాలా, మీకు స్వస్తి చెప్పాలా అని కమిటీ అడుగుతోంది. ఫిబ్రవరిలో సెలక్షన్ పరీక్షలున్నాయి. మీ హిస్టరీ పేపరు బయటి ఊరి వాళ్ళ చేత దిద్దిస్తాను. కుర్రాళ్ళు బాగా రాశారా, మిమ్మల్ని పర్మనెంటు చెయ్యమని నేనే సంతకం పెడతాను. లేదా, జూలైలో మీరు రానక్కర్లేదు. సరేనా?"

"రాస్తారు," అన్నాడు మాస్టారు.

సెలక్షన్ పరీక్షంటే యూనివర్సిటీ పరీక్షకి ముందు కాలేజీ తనకు తానుగా పెట్టుకునేది. అందులో తప్పినవాణ్ణి యూనివర్సిటీ పరీక్షకి పంపరు. అందుకని దానికి ఏటా అందరూ భయపడి చస్తారు.

మర్నాడు ఆయన క్లాసులో దాచకుండా అంతా చెప్పేశాడు. "నాకు ఈ ఉద్యోగం కావాలి," అన్నాడు. "సిగ్గేటి, కావాలి. అన్నగారింట్లో వేసవంతా కూర్చుని తినడం ఇక నావల్ల కాదు. మీరు చెయ్యాల్సింది ఒక్కటే. పరీక్ష రాయండి. ఇంగ్లీషు తప్పులు పోతే పోనీండి, ఆలోచన మీదవ్వాలి. ఇంక నాకే సాయమూ వద్దు. ఎవడైనా నా పేరు చెప్పి గొడవ చేశాడా, కాళ్ళు విరగ్గొడతాను."

ఇంతకంటే తేటగా ఏ మనిషి చెప్పగలడు?

చదివాం. దేవుడి తోడు, చదివాం. సింహాచలం గదిలో చేరి మా తెలుగులో తగువులాడుకుని, తేలిందాన్ని ఇంగ్లీషులోకి తిప్పుకునేవాళ్ళం. మా ఇంగ్లీషు కుంటిది. ఆ కుంటి ఇంగ్లీషులోనే అశోకుణ్ణి నిలదీసేవాళ్ళం. కొందరు మాత్రం చదవలేదు. అప్పలస్వామి, వాడి చుట్టూ తిరిగేవాళ్ళు. వాళ్ళకి హిస్టరీ కాదు, ఏ సబ్జెక్టూ రాదు. సెలక్షన్‌లో తప్పుతామని వాళ్ళకి తెలుసు.

పరీక్ష వారం ఉందనగా సైకిలు స్టాండులో అప్పలస్వామి మీటింగు పెట్టాడు. బెంచీ ఎక్కి, "మన మాస్టారిని తీసీస్తన్నారు! మనం సూస్తూ కూకుంటామా?" అని అరిచాడు. అంతకు ముందు ఆ "కూకుంటాం"కి అందరికంటే గట్టిగా నవ్వినవాడు వాడే.

సింహాచలం అడ్డం పడ్డాడు. "సార్ వద్దన్నారు కదరా. పరీచ్చ రాయమన్నారు."

"ఒరే సింహాచలం, పెద్దమనిషి కాబట్టి వద్దంటారురా. ఆయన వద్దన్నారని మనం ఊరుకుంటే మనకి సిగ్గు కాదేటి?"

అందరూ అవునన్నారు. మావైపు ఇదొక జబ్బు. పెళ్ళిభోజనంలో చేతులు అడ్డం పెట్టి వద్దు వద్దన్నవాడి విస్తట్లోనే ఇంకో గరిటె కుమ్మరిస్తారు. వద్దంటే కావాలని అర్థం. వడ్డించకపోతే మర్యాద తెలియనివాళ్ళం అయిపోతాం. మాస్టారి వద్దుని కూడా అలాగే విన్నారు. ఆ మనిషి నిజంగా వద్దన్నాడని, కడుపులోంచి వద్దన్నాడని, ఒక్కడికీ తట్టలేదు. తట్టినవాడి మాట ఎవడూ వినలేదు. ప్రేమ చూపించడానికి మా తరానికి తెలిసింది సమ్మె ఒక్కటే. సినిమా టిక్కెట్టు దొరక్కపోతే సమ్మె, కండక్టరు తిడితే సమ్మె. మాస్టారు నచ్చితే ఇంకేం చేస్తారు?

మర్నాడు పొద్దున్న గేటుకి సైకిలు గొలుసు బిగించారు. ప్రిన్సిపాలు గారి గడ్డిబొమ్మ తగలబెట్టారు. ఎవడో విసిరిన రాయికి ఆఫీసు అద్దం పగిలింది. అంతలో దూరంనుంచి తిట్లు వినిపించాయి. బెల్లు లేని సైకిలు.

"తియ్యండ్రా గేటు! ఎవడ్రా మిమ్మల్ని..."

మాట పూర్తి కాలేదు. "నరసింగరావు మాస్టారికీ జై!" అని పదిమంది మీదపడి ఆయన్ని భుజాల మీదికి ఎత్తేశారు. మెడలో బంతిపూల దండ పడింది. ఆయన కాళ్ళు తన్నుకుంటున్నాడు, "దించండ్రా వెధవల్లారా, నా కొంప కూలుస్తన్నార్రా" అని అరుస్తున్నాడు. పైనున్నవాడి అరుపు కింది గోలలో ఎవడికి వినిపిస్తుంది? నేనూ సింహాచలం వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకుని కిందికి లాగబోయాం. మేము పాదాలకి దండం పెడుతున్నామనుకుని జనం ఇంకా చప్పట్లు కొట్టారు. సరిగ్గా అప్పుడే కాలేజీ కరస్పాండెంటు గారి కారు వచ్చి ఆగింది. గోగునార బేరాల్లో పండినాయన. అద్దం దించి, భుజాల మీద దండతో ఉన్న లెక్చరరుని, పగిలిన ఆఫీసు అద్దాన్ని చూసి, మళ్ళీ అద్దం ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆయనకి అంతకంటే ఏం కావాలి?

సాయంత్రానికి అప్పలస్వామిని లోపలికి పిలిచారు. వాడు బయటికి వచ్చి చేతులెత్తాడు. "గెలిసీనాం! సెలక్షన్ పరీక్షలు రద్దు! అందర్నీ యూనివర్సిటీ పరీక్షకి పంపుతారు!"

కేకలు, ఈలలు. టోపీ ఉన్నవాడు టోపీ, లేనివాడు పుస్తకం గాల్లోకి విసిరాడు.

"సార్ సంగతో?" అన్నాడు సింహాచలం.

"అది కమిటీ సూస్తాదట."

"ఓరి సచ్చినోడా! ఆ పరీచ్చేరా సార్‌కి దిక్కు! అది రాసి సూపిస్తేనే కదరా ఆయనకి ఉజ్జోగం!"

అప్పలస్వామి వాడి భుజం తట్టాడు. "సూద్దాంలేరా. ముందు గెలిసినాం కదేటి." అందరూ కలిసి రెండో ఆట సినిమాకి వెళ్ళారు. మాస్టారి కోసం మొదలైన సమ్మె మాస్టారికున్న ఒక్క ఆధారాన్నీ తీసేసి, ఆ పూటే ముగిసింది. ఆ సినిమాకి వెళ్ళినవాళ్ళలో ఆయన "తర్వాత?" కోసం కొట్టుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళని అడిగితే ఇప్పటికీ మేము సార్ కోసం సమ్మె చేశామనే చెబుతారు. నాకు అసహ్యం వేసేది అప్పలస్వామి మీద కాదు. వాడు వాడికి కావలసింది తెచ్చుకున్నాడు. వీళ్ళ మీద.

అసలు సంగతి ఆ తరువాత బయటపడింది. హాల్ టిక్కెట్టు కావాలంటే ఒక్కొక్కరూ క్షమాపణ పత్రం మీద సంతకం పెట్టాలట. పత్రం టైపు కొట్టించి సిద్ధంగా ఉంది. హిస్టరీ లెక్చరరు నరసింగరావు ప్రోద్బలం వల్ల మేము సమ్మెకి దిగాము, ప్రిన్సిపాలు వారూ కమిటీ వారూ మమ్మల్ని మన్నించవలెను, అని. వరస కట్టారు. అప్పలస్వామి అందరికంటే ముందు మంచి పెన్నుతో పెట్టాడు. వెనక వాడు ఆ పెన్నే అప్పు తీసుకున్నాడు. ఆ పెన్ను అలా చేతులు మారుతూ వచ్చింది. ఒక్కడూ పైనున్నది చదవలేదు. చదివినవాడు చదవనట్టు నటించాడు.

సింహాచలం పెట్టనన్నాడని వాళ్ళ నాన్నకి కబురు వెళ్ళింది. ఎర్రన్న పొలంనుంచి సూటిగా వచ్చినట్టున్నాడు, పంచె అంచున మట్టి ఉంది. ప్రిన్సిపాలు గారి గుమ్మం ముందు తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. కొడుకుని చూసి, "పెట్టీరా బాబూ. ఒక గీతే కదేటి," అన్నాడు.

"గీతే అయ్యా. అబద్ధం గీత."

ప్రిన్సిపాలు గారు నెమ్మదిగా, "నీ సంవత్సరం పోతుందయ్యా. మీ నాన్న కష్టం చూడు," అన్నారు.

సింహాచలం కాగితం తీసుకున్నాడు. టైపు కొట్టిన ముక్కలు అడ్డంగా కొట్టేశాడు. కింద తెలుగులో తనే రాశాడు. రాసి సంతకం పెట్టి బల్ల మీద పెట్టాడు.

ప్రిన్సిపాలు గారు చదివి, "ఇది చెల్లదు," అన్నారు.

"తప్పేటి రాసినాను సార్? సెప్పండి, దిద్దుకుంటాను."

ప్రిన్సిపాలు గారు కాగితం పక్కకి నెట్టారు. ఎర్రన్నకి చదువు రాదు. "ఏటి రాసినావురా?" అన్నాడు.

సింహాచలం కాగితం చూడకుండానే చెప్పాడు. "సమ్మె సెయ్యొద్దని సార్ మాకు సెప్పినారు. మేమే ఇనలేదు. మేము తప్పు సేసింది కమిటీకి కాదు, ఆయనకి. అందుకని ఆయన్నే మన్నించమని అడుగుతన్నాను. ఇంతే అయ్యా."

"నిజఁవేనా?"

"నిజఁవే."

ఎర్రన్న ప్రిన్సిపాలు గారి వంక చూశాడు. ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. ఎర్రన్న చంకలోంచి తలగుడ్డ తీసి చుట్టుకున్నాడు. "అయితే పద," అన్నాడు.

నా వంతు వచ్చింది. సింహాచలంలాగ కూర్చుని రాసే ఓపిక నాకు లేదు. నా కాగితం రెండు ముక్కలు చేసి అక్కడే పడేసి వచ్చాను. కాలేజీతో నా పని అక్కడితో సరి.

మార్చి ఆఖరున మాస్టారికి ఎప్పటిలాగే కాగితం ఇచ్చారు. ఈసారి అందులో ఒక వాక్యం ఎక్కువుంది, విద్యార్థులను ప్రేరేపించినందువల్ల అని. దానికి సాక్ష్యం మేమిద్దరం తప్ప క్లాసు క్లాసంతా సంతకాలు పెట్టిన క్షమాపణలు. ఆయన పెంచిన కుర్రాళ్ళు ఊరందరినీ మన్నించమన్నారు, ఆయన్ని తప్ప. జౌగడ రాయికి మావాళ్ళు ఏమీ తీసిపోలేదు. ఇప్పుడు ఆయన జాగాలో గణపతిరావు గారి చెల్లెలి కొడుకు వచ్చాడు. ఆ కుట్టిన కాగితాలే చూసి చెబుతున్నాడట. తండ్రులు సంతోషంగా ఉన్నారు.

వెళ్ళే రోజు బస్టాండుకి నేనూ సింహాచలం వెళ్ళాం. ఇంకెవరూ రాలేదు. శ్రీకాకుళం బస్సు మీద ట్రంకు పెట్టె, దాని పక్కన సైకిలు కట్టారు. తాయారమ్మ మమ్మల్ని చూసి ముఖం తిప్పుకుంది. తప్పేముంది? మాస్టారు మాత్రం ఎప్పటిలాగే విరుచుకుపడ్డాడు.

"ఎందుకొచ్చినార్రా? దండలేవి? ఎత్తుకోరేటి భుజాల మీద?"

మేము తల వంచుకున్నాం.

"అడగడం నేర్పినాన్రా మీకు. మీరు అరవడం నేర్సుకున్నారు. ఒక్క పరీక్ష. ఒక్క పరీక్ష రాయమన్నాను. చేతులు జోడించి అడిగితే గేటుకి గొలుసు కట్టినారు. తీసీసిన కమిటీ మీద నాకు కోపం లేదు. వాళ్ళు వర్తకులు, వాళ్ళకి నేనొక సరుకు. మీమీద ఉంది. చచ్చేదాకా ఉంటుంది."

కండక్టరు ఎక్కమన్నాడు. ఆయన కదల్లేదు. సింహాచలాన్ని, "నువ్వూ పెట్టినావా సంతకం?" అన్నాడు.

"పెట్టినాను సార్. ఆళ్ళు టైపు కొట్టింది కొట్టీసి, నాను రాసిందాని కింద."

"ఏటి రాసినావు?"

సింహాచలం చెప్పాడు. తండ్రికి చెప్పినట్టే, అక్షరం మార్చకుండా. తాయారమ్మ మొదటిసారి మావైపు తిరిగింది. మాస్టారు విన్నాడు. బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి, రెండోది నేల మీద ఉంచి, క్లాసులో బల్ల అంచున ఉన్నట్టే ఉండిపోయాడు. కండక్టరు మళ్ళీ అరిచాడు. తిరిగి వాణ్ణి ఒక తిట్టు తిట్టాడు.

"ఊఁ," అన్నాడు సింహాచలంతో. "తర్వాత?"

సింహాచలం నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. పరీక్ష లేదు, హాల్ టిక్కెట్టు లేదు, ఎదుట మాస్టారు బస్సెక్కుతున్నాడు. ఆయన వాణ్ణి తొందరపెట్టలేదు. ఎక్కి కిటికీ పక్కన కూర్చుని, బస్సు కదిలి మలుపు తిరిగేదాకా వాడి వైపే చూస్తున్నాడు, జవాబు కోసం.